అన్ని మైకులూ ఎందుకండీ?

శంషాబాద్‌లో గది తీసుకున్నారు. లాప్‌టాప్ ఉంది, హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. వయొలిన్ ముందు మైక్ పెడితే చాలు, నెత్తి మీద విమానం! ఫర్వాలేదు. మీ చేతిలో శాంపిల్ లైబ్రరీ ఉంది. ఆర్కెస్ట్రాను లండన్ హాల్లో, దగ్గరా దూరంగా మైకులు ఉంచి, ఎప్పుడో రికార్డ్ చేసి పెట్టారు.

మరి ట్యూన్ ఎందుకు పూర్తి కావట్లేదు? క్లోజ్, ట్రీ, యాంబియెంట్... కనిపించిన మైకులన్నీ ఆన్ చేసి, రాత్రంతా ఫేడర్లు జరుపుతున్నారు. మీరు దాన్ని మిక్సింగ్ అంటారు. నేను వాయిదా అంటాను.

ఈసారి ముహూర్తాల్లో మన హైవే పక్కన ఏదో ఫంక్షన్ హాల్‌కి వెళ్లండి. (పిలిచిన పెళ్లికే సుమా!) సన్నాయి పక్కన నిలబడండి. ఆయన ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది. అది క్లోజ్ మైక్. ముందు వరస కుర్చీలో కూర్చోండి. సన్నాయి, డోలు కలిసి ఒకే మేళం. అది ట్రీ. ఇక భోజనాల వైపు నడవండి. హాలంతా మోగుతుంటుంది. డోలు మీద కర్ర పడ్డాక రవ్వంత ఆగి దెబ్బ వినిపిస్తుంది. అది యాంబియెంట్.

శబ్దం వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. 10 మీటర్లకు 29 మిల్లీసెకన్ల ఆలస్యం. కొలత తెలిసి కలిపితే అదే లోతు. మూడూ ఒకే లెవెల్లో తెరిస్తే ఒకే దెబ్బ మూడుసార్లు చేరుతుంది, స్ట్రింగ్స్ మసకబారతాయి. పైగా ఒక్కో మైక్ మీ ర్యామ్‌ను తింటుంది.

ఈ వారం ఇలా చేయండి:

1. ట్రీ ఒక్కటే ఉంచండి. కండక్టర్ తల పైన మూడు మైకులు కట్టే ఈ పద్ధతి డెక్కా కంపెనీ ఇంజినీర్లది. 1954 నాటిది. ఇప్పటికీ సినిమా ఆర్కెస్ట్రాలకు వాడుతున్నారు. మీ డెమోకు చాలదా?

2. సోలో వినిపించట్లేదా? అప్పుడు మాత్రమే క్లోజ్ కొంచెం పెంచండి.

3. రెండు మిక్సులు పోల్చేముందు వాల్యూమ్ సమానం చేయండి. ఇది మాత్రం మానొద్దు. గట్టిగా మోగేదే బాగుందంటుంది చెవి. దానికి అంత చనువివ్వకండి.

డబ్బుల్లేవా? బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా లైబ్రరీ ప్రొఫెషనల్ వెర్షన్‌లో మైకులు, మిక్సులు కలిపి 20 సిగ్నల్స్ ఉంటాయి. డిస్కవర్ వెర్షన్ ఉచితం, అందులో ఉన్నది ఒక్కటే మిక్స్. మీకు ఇప్పుడు కావలసింది అదే. ఈ రాత్రే ఎనిమిది బార్లు రాయండి. బౌన్స్ చేసి, పడుకునేలోపు ఒక్క స్నేహితుడికైనా వాట్సాప్‌లో పంపండి.