సీటు వేడికి కాపలా ఎవరు?

ఈసారి మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి అడిగాయి: కారులో వేడెక్కే సీటు. మే నెలలో 45 డిగ్రీల ఎండ చూసే ఊళ్లకు సీటు వేడి గొడవేమిటని మొదట నవ్వొచ్చింది. చదువుతూ పోతే అర్థమైంది. కొందరి పిల్లలు మంచు కురిసే దేశాల్లో ఉన్నారు. మరికొందరికి కొత్తగా కొన్న కారులో అడగకుండానే ఆ బటన్ వచ్చింది. ముందు దామరచర్ల నుంచి వచ్చిన ప్రశ్న చూద్దాం. దానికే తొందర ఎక్కువ.

ప్రశ్న: మా అబ్బాయి షికాగోలో ఉంటాడు. జనవరిలో మేమిద్దరం వెళ్తున్నాం. వాడి కారులో సీటు కరెంటుతో వేడెక్కుతుందట. షాక్ కొట్టదా? ఎంత వేడెక్కాలో, ఎక్కడ ఆగాలో దానికి ఎట్లా తెలుస్తుంది? నాకు చాలా ఏళ్లుగా షుగరు ఉంది. అరికాళ్లు మొద్దుబారినట్టు ఉంటాయి. – ఒక తల్లి, దామరచర్ల

జవాబు: షాక్ భయం పెట్టుకోకండమ్మా. మన ఇంటి కరెంటు 230 వోల్టులు, కారులో సీటుకు వెళ్లేది 12 వోల్టులే. సీటు పైకవరుకూ లోపలి ఫోముకూ మధ్య పల్చని మ్యాట్ పరిచి ఉంటుంది. అందులో సన్నటి తీగ గానీ కార్బన్ పోగులు గానీ మెలికలు తిరిగి ఉంటాయి. కరెంటు పారితే అవి వేడెక్కుతాయి. కూర్చునే భాగానికి ఒకటి, వీపుకు ఒకటి. రెండూ కలిసి వాడేది సాధారణంగా 50 నుంచి 100 వాట్లు, అంటే పాతకాలపు గుండు బల్బు ఒకటి వాడినంత.

ఎక్కడ ఆగాలో చెప్పడానికి ఆ మ్యాట్‌లోనే చిన్న సెన్సర్ ఉంటుంది. పాత కార్లలో అయితే మన ఇస్త్రీ పెట్టెలో ఉండే థర్మోస్టాట్ లాంటిదే. వేడికి రేకు వంగి కరెంటు తెగుతుంది, చల్లారాక మళ్లీ అంటుకుంటుంది. ఇప్పటి కార్లలో సెన్సర్ చెప్పిన లెక్క చూసి ఒక చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె కరెంటు ఇస్తూ ఆపుతూ ఉంటుంది. హై, లో బటన్లతో మీరు మార్చేది ఎక్కడ ఆపాలన్న ఆ హద్దునే.

ఇక్కడే మీ షుగరు సంగతి వస్తుంది. సెన్సర్ చూసేది తాను ఉన్న చోట మ్యాట్ ఎంత వేడిగా ఉందనే. మీ తొడ చర్మం ఎంత వేడెక్కిందో దానికి తెలియదు. మామూలు మనిషికి సుర్రుమనగానే పక్కకు జరుగుతాడు, బటన్ ఆపేస్తాడు. స్పర్శ తగ్గిన వాళ్లకు ఆ సుర్రు తెలియదు. 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే అమెరికా పరిశోధకులు లెక్కగట్టి చూపించారు: 44 డిగ్రీల వేడి కూడా ఒకే చోట ఆరు గంటలు ఆనుకుని ఉంటే చర్మం కాలుతుంది. అక్కడి నుంచి ఒక్కో డిగ్రీ పెరిగిన కొద్దీ ఆ సమయం దాదాపు సగానికి పడిపోతుంది. చెయ్యి పెడితే 'కాస్త వెచ్చగానే ఉందే' అనిపించే వేడి గురించి చెబుతున్నాను. షుగరు వల్ల నరాలు దెబ్బతిన్న వాళ్లకు, వెన్నెముక దెబ్బతో నడుము కింద స్పర్శ పోయిన వాళ్లకు సీటు హీటరుతో కాలిన గాయాలైన కేసులు అమెరికా వైద్యులు చూశారు. 2011లో అక్కడి కాలిన గాయాల వైద్యులు, వాహన భద్రత కోసం పనిచేసేవాళ్లు కలిసి ఈ సీట్లకు గరిష్ఠ ఉష్ణోగ్రత హద్దు పెట్టాలని ప్రభుత్వాన్ని అడిగారు కూడా.

కాబట్టి అబ్బాయికి ముందే చెప్పండి. మీరు ఎక్కకముందే కారులో హీటరు వేసి లోపలి గాలి వెచ్చబరచమనండి. మీ వైపు సీటు హీటరు ఆపేసి ఉంచడమే మేలు. మరీ చలిగా ఉంటే 'లో'లో అయిదు పది నిమిషాలు వేసి, మీవారి చేతో అబ్బాయి చేతో ఆపించండి. మీ అంతట మీకు వేడి తెలుస్తుందని నమ్ముకోవద్దు. సీటు మీద దుప్పటి, దిండు లాంటివి వేసుకోకూడదు. వేడి పైకి రాలేక కిందే పోగవుతుంది. ఊళ్లో బయల్దేరే ముందు మీ డాక్టరుతో పాదాల స్పర్శ పరీక్ష చేయించుకుని, ఈ సీటు సంగతి కూడా ఆయన చెవిన వేయండి.

ప్రశ్న: వీర్లపాలెం థర్మల్ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని. కారు సీటులో ఉండేది ఆర్‌టీడీయా, థర్మోకపులా? పీఐడీ ఉంటుందా? – టెక్నీషియన్, దామరచర్ల మండలం

జవాబు: 800 మెగావాట్ల యూనిట్లు అయిదు ఉన్న చోట పనిచేస్తూ 80 వాట్ల సీటు గురించి అడిగారు. సంతోషం, చెప్పడం నాకూ తేలిక.

రెండూ కాదు. సీట్లలో ఎక్కువగా ఉండేది ఎన్‌టీసీ థర్మిస్టరు. మీరు వాడే ప్లాటినం ఆర్‌టీడీకి వేడి పెరిగితే నిరోధం పెరుగుతుంది, 0 డిగ్రీల దగ్గర 100 ఓమ్‌లు ఉన్నది 100 డిగ్రీలకు 138.5 అవుతుంది. ఎన్‌టీసీ దానికి పూర్తిగా ఎదురు. మామూలుగా దొరికే 10 కిలో ఓమ్‌ల రకం తీసుకోండి. 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు ఉన్నది 45 దగ్గర నాలుగున్నర లోపుకు దిగిపోతుంది. ఇరవై డిగ్రీల తేడాకే సగానికి పైగా మార్పు. అందుకే ఖరీదైన ట్రాన్స్‌మిటర్ అక్కర్లేదు. ఒక స్థిర రెసిస్టరుతో జత కట్టి, మధ్యలో వోల్టేజి చదివితే చాలు. చవక, చిన్నది. సరళరేఖలో నడవదు, నిజమే. కానీ సీటుకు కావలసింది మూడు నాలుగు హద్దుల దగ్గర సరిగ్గా పలకడమే.

కంట్రోలు కూడా అంతే. ఫోము, కవరు, మనిషి, అన్నీ మెల్లగా వేడెక్కేవే గనుక పీఐడీ అక్కర్లేదు, ఆన్-ఆఫ్ సరిపోతుంది. పై హద్దు తాకగానే కరెంటు ఆపి, రెండు మూడు డిగ్రీలు దిగాక మళ్లీ ఇస్తారు. ఆ ఎడం లేకపోతే రిలే టకటకా కొట్టుకుని తొందరగా పాడవుతుంది. కొత్త కార్లలో రిలే బదులు మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ పెట్టి పల్స్ వెడల్పు మారుస్తారు. 12 వోల్టులు అలాగే ఉంటాయి, సెకనులో ఎంత భాగం ఇవ్వాలన్నదే మారుతుంది. మొదట పూర్తిగా ఇచ్చి, గబగబా వెచ్చబరచి, కొంతసేపయ్యాక తనంతట తానే ఒక మెట్టు దిగే కార్లు ఇప్పుడు చాలా ఉన్నాయి.

మీ వృత్తికి నచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది: సెన్సర్ తీగ తెగితే? ఎన్‌టీసీ తెగితే నిరోధం అనంతం, అంటే కంట్రోలరుకు సీటు గడ్డకట్టినంత చల్లగా కనిపిస్తుంది. తెలివితక్కువ సర్క్యూట్ అయితే ఆపకుండా వేడి చేస్తూ పోతుంది. మంచి కంట్రోలరు అసాధ్యమైన రీడింగును గుర్తుపట్టి హీటరును ఆపేస్తుంది. సీటు హీటరు మంచిదా కాదా అన్నది నా లెక్కలో ఇక్కడే తేలుతుంది, ఎంత త్వరగా వేడెక్కింది అన్న దగ్గర కాదు. సెన్సరే లేకుండా, వేడెక్కిన కొద్దీ తానే నిరోధం పెంచుకుని కరెంటు తగ్గించుకునే పీటీసీ రకం కూడా ఉంది. కార్ల పక్క అద్దాల మంచు కరిగించేది ఎక్కువగా అదే.

ప్రశ్న: 2023 మోడల్ వెర్నా ఉంది. సీటుకు వేడి బటన్, గాలి బటన్ రెండూ ఉన్నాయి. ఎండలో నిలిపిన కారు ఎక్కితే సీటు కాలిపోతోంది. పిల్లలు ఆ బటన్ నొక్కి ఉంటారా? గాలి బటన్ వేసినా చల్లబడదేం? – రైస్ మిల్లు యజమాని, మిర్యాలగూడ

జవాబు: అది ఎండ పని. ఇంజను ఆగి ఉంటే సీటు హీటరు నడవదు. ఎండకు కాగిన సీటులో పిల్లలు బటన్ నొక్కినా సెన్సర్ అప్పటికే హద్దు దాటి ఉంటుంది గనుక, లైటు వెలిగినా కంట్రోలరు కరెంటు ఇవ్వదు.

గాలి బటన్ సంగతి వేరు. మన దగ్గర 2017 వెర్నా, 2019 సెల్టోస్ వచ్చాక వెంటిలేటెడ్ సీటు అనే మాట షోరూములో అందరి నోటా వినిపిస్తోంది. అందులో ఏసీ లేదు. సీటు లోపల చిన్న ఫ్యాన్లు ఉండి, కవరుకున్న సన్నటి రంధ్రాల గుండా కారులో ఉన్న గాలినే ఆడిస్తాయి. కారులో గాలి మండుతుంటే ఆడేదీ మండే గాలే. ముందు అద్దాలు దించి రెండు నిమిషాలు నడపండి, తర్వాత ఏసీ వేయండి, ఆపైన ఆ బటన్. అప్పుడు వీపు చెమట ఆరుతుంది. ఇంకో మాట: ఆ సీట్ల మీద రెగ్జిన్ కవరు కుట్టించి ఉంటే తీయించండి. రంధ్రాలు మూసుకుపోయాక ఫ్యాను తిరిగినా తిరగకపోయినా ఒకటే.

ప్రశ్న: కోదాడ నుంచి హైదరాబాదుకు ట్యాక్సీ తోలుతాను. నడుము నొప్పి. లైటర్ సాకెట్‌లో పెట్టుకునే వేడి సీటు కవరు ఆన్‌లైన్‌లో చవకగా ఉంది. కొనొచ్చా? – డ్రైవరు, కోదాడ

జవాబు: నేనైతే కొనను. 60 వాట్ల కవరు 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు లాగుతుంది. సాకెట్ ఫ్యూజు తట్టుకుంటుంది, అది సమస్య కాదు. చవక కవర్లలో సరైన సెన్సర్, తెగితే ఆపే ఏర్పాటు ఉంటాయన్న నమ్మకం లేదు. గంటల తరబడి దాని మీదే కూర్చుంటారు మీరు. పైగా వెచ్చదనానికి రాత్రిపూట కునుకు పడితే? విజయవాడ హైవే మీద ఆ కునుకు ఖరీదు నేను చెప్పక్కర్లేదు. సీటు వాలు సరిచేసుకోండి, గంటన్నరకోసారి దిగి నడవండి, తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించండి. కాపడం ఇంట్లో పెట్టుకోవచ్చు.

ప్రశ్న: ఈ సీటును మొదట ఎవరు చేశారు? – రిటైర్డ్ టీచర్, హుజూర్‌నగర్

జవాబు: అమ్మకానికి పెట్టినది క్యాడిలాక్, 1966 మోడల్ కార్లలో, అదనపు డబ్బు కట్టిన వాళ్లకు. డబ్బు కట్టకుండానే డ్రైవరు సీటుకు ఇచ్చింది స్వీడన్ కంపెనీ సాబ్, 1972 మోడళ్లలో. మంచు దేశం వాళ్లకు అది విలాసం కాదు మరి.

ప్రశ్న: సీటు కుషన్ వర్క్స్ నడుపుతున్నాను. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పెద్ద కారు ఒకటి వచ్చింది. ఎడమ సీటు వేడెక్కదు, కుడిది వేడెక్కుతుంది. కవరు విప్పి చూడమంటున్నారు. – సూర్యాపేట

జవాబు: కవరు విప్పే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసి కాసేపు ఆగండి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉండొచ్చు. దాని కనెక్టరు సాధారణంగా పసుపు రంగులో ఉంటుంది. దానికి మల్టీమీటరు తగిలించకండి, కొద్దిపాటి కరెంటు కూడా ప్రమాదమే. హీటరు కనెక్టరు విడిగా దొరికాక రెండు సీట్లవీ ఓమ్‌లలో కొలిచి పోల్చండి. 60 వాట్ల మ్యాట్ అయితే రెండున్నర ఓమ్‌ల దగ్గర పలకాలి. మీటరు అనంతం చూపిస్తే తీగ తెగింది. ఎవరో సీటు మీద మోకాలు పెట్టి వెనక సామాను అందుకుని ఉంటారు, ఎక్కువసార్లు జరిగేది ఇదే.

తెగిన చోట సోల్డర్ చేసి మూసేయమని కారు యజమాని అంటారు, ఒప్పుకోకండి. అతుకు దగ్గర నిరోధం పెరిగి ఆ ఒక్క చోటే వేడి పోగవుతుంది. సెన్సర్ జానెడు దూరంలో ఉంటుంది, దానికి కనబడదు. కవరుకు చిల్లు పడేదాకా తెలియదు. మ్యాట్ మొత్తం కొత్తది వేయించమనండి. లేదా ఆ సీటు హీటరు కనెక్టరు ఊడదీసి, టేపు చుట్టి, అలా వదిలేయమనండి. సూర్యాపేటలో ఆ కారుకు దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు.