కుప్పలో చెయ్యి పెట్టే ముందు

ఒక మనిషి నిర్ణయాలు ఎట్లా తీసుకుంటాడో తెలియాలంటే అతణ్ని అంగట్లో అగ్గువ పాత బట్టల కుప్ప ముందు నిలబెట్టి చూడండి. "ఏది తీసుకున్నా వంద" అన్న కేక చెవిన పడగానే కొందరు రెండు చేతులా ఏరుకుంటారు. ఇంటికొచ్చాక అందులో సగం బీరువా అడుగుకు చేరతాయి. కొందరు తెలిసినవాళ్లు చూస్తారేమోనని తల దించుకుని దాటిపోతారు. ఎవరో ఒకరు మాత్రం పావుగంట తిరగేసి, ఒక్క అంగీ తీసి దులిపి, వెలుతురుకు పట్టి చూసి, అదొక్కటే కొనుక్కుని నడిచిపోతారు. ఆ నిదానం పుట్టుకతో రాదు. నేర్చుకుంటే వస్తుంది.

ముందు సిగ్గు సంగతి తేల్చుకుందాం. ఒకరు తొడిగి విడిచినవి మనమెట్లా తొడుగుతామనే కదా బాధ? పెళ్లికి అద్దెకు తెచ్చిన షేర్వానీ నిరుడు ఎంతమంది పెళ్లికొడుకుల ఒంటి మీదికి ఎక్కిందో ఎవరూ అడగరు. ఫొటోలు మాత్రం గోడకెక్కుతాయి. అన్న అంగీ తమ్ముడికి, అమ్మ చీర బిడ్డకు లంగా, చివరికి అన్నీ కలిసి బొంత: మన ఇళ్లలో బట్ట బతికిన తీరే అది. పోటీ పరీక్షలకు చదువుతూ కరీంనగర్‌లో గది అద్దెకు తీసుకున్న పిల్లలు ఇంటర్వ్యూకు ఒక మంచి అంగీ కోసం ఇంటి నుంచి మూడు వేలు అడగలేక నలిగిపోతుంటారు. ఎదుట కూర్చున్నవాళ్లు చూసేది భుజాల దగ్గర కుదిరిందా, ఇస్త్రీ ఉందా అన్నదే. బిల్లు చూపించమని ఏ బోర్డూ అడగదు.

ఇక పద్ధతి. ఇంటి దగ్గరే బీరువా తెరిచి ఏం తక్కువైందో ఒక్క మాటలో చెప్పుకోండి: "నల్ల ప్యాంటు మీదికి లేత రంగు నూలు అంగీ." ఆ మాట లేకుండా పోతే కుప్పే మీకు మాట చెబుతుంది. చేతికి ఏదైనా నచ్చితే ఇంకో ప్రశ్న వేసుకోండి. దీనికి రెండింతలు చెప్పినా కొంటానా? కాదంటే మీకు నచ్చింది ధరే, బట్ట కాదు. నూటయాభై పెట్టి ఒక్కసారి తొడిగిన అంగీ నూటయాభైకి పడ్డట్టు. తొమ్మిది వందలు పెట్టి తొంభై సార్లు తొడిగింది పూటకు పది రూపాయలు. ఏది పిరమో మీరే చెప్పండి.

చేతిలోకి తీసుకున్నాక తొందర వద్దు. చంకలు, కాలరు మడత, ప్యాంటు తొడల నడుమ కుట్టు: బట్ట ముందుగా అరిగేది అక్కడే. వెలుతురుకు పడితే పలచబడిన చోటు జల్లెడలా కనబడుతుంది. జిప్పు రెండుసార్లు లాగి చూడండి. లేబుల్ మీది సైజును నమ్మొద్దు, ఒక్కో కంపెనీ కొలత ఒక్కో తీరు. ఒంటికి సరిగ్గా ఉన్న పాత అంగీ ఒకటి సంచిలో వెంట తీసుకుపోయి భుజం మీద భుజం పెట్టి చూస్తే చాలు. పొడవు, నడుము టెయిలరు అరగంటలో సరిచేస్తాడు. భుజం విప్పితే మొత్తం అంగీ విప్పినట్టే, ఆ ఖర్చుకు కొత్తది వస్తుంది. ప్యాంటుకు ఒక పాత చిట్కా ఉంది: గుండీ పెట్టి నడుంపట్టీని మెడ చుట్టూ తిప్పితే రెండు కొసలు వెనక కలవాలి. అంగట్లో అందరి ముందూ మెడకు ప్యాంటు చుట్టుకోవడం కొంచెం విడ్డూరమే, కానీ అంచనా చాలావరకు కుదురుతుంది.

తొడిగి విడిచిన నూలు బట్టలో ఒక లాభాన్ని చాలామంది పట్టించుకోరు. ముడుచుకునేది ముడుచుకుపోయింది, దిగే రంగు దిగిపోయింది. కొత్త అంగీ మూడో ఉతుకు తర్వాత ఎట్లా ఉంటుందో మీకు తెలియదు. ఇది ఎట్లా ఉందో కళ్ల ముందే ఉంది. నూలా, పాలిస్టరా అన్న అనుమానం వస్తే, కొన్నాక లోపలి మడత నుంచి ఒక పోగు లాగి అంటించండి. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది, పాలిస్టరు కరిగి గట్టి పూసలా మిగులుతుంది. తర్వాతిసారి వేలికే తెలిసిపోతుంది. ఇంటికి తెచ్చాక నూలు బట్టల్ని వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేసి, కుట్ల మీద గట్టిగా ఇస్త్రీ చేయండి. నల్లుల భయం తీరుతుంది. ఉన్నిని మాత్రం వేడినీళ్లలో ముంచితే పిల్లాడి స్వెటరై పైకొస్తుంది.

తొడిగినవి వద్దే వద్దనుకునేవాళ్లకు కట్‌పీసు దుకాణాలున్నాయి. మరమగ్గాల ఊరు సిరిసిల్ల కరీంనగర్ పక్కనే ఉంది. 2016లో వేరే జిల్లా అయ్యిందిగానీ అంతకుముందు కరీంనగర్ జిల్లాదే. సర్కారు 2017 నుంచి 2023 దాకా పంచిన బతుకమ్మ చీరల్లో చాలా భాగం నేసింది ఆ మగ్గాలే. కట్‌పీసు కొనేటప్పుడు ధరకన్నా ముందు పన్నా, అంటే బట్ట వెడల్పు, అడగండి. 58 అంగుళాల పన్నా అయితే నిండు చేతుల అంగీకి సుమారు 1.6 మీటర్లు సరిపోతుంది, 36 అంగుళాలదైతే రెండుంబావు కావాలి. కుట్టుకూలి కలపకుండా అగ్గువ అని మురిసిపోవద్దు. చాలాసార్లు బట్టకన్నా కుట్టే పిరం.

ఆదిలాబాద్ వైపు లెక్క వేరు. చలిగాలులు ముదిరితే అక్కడ రాత్రి వేడి అయిదు డిగ్రీల దగ్గరికి దిగిన రోజులున్నాయి. స్వెటరు అక్కడ షోకు కాదు, అవసరం. సీజన్ మొదట్లో ఎంపిక ఎక్కువ, సంక్రాంతి దాటాక ధర తక్కువ. మిగిలిన మూట మళ్లీ మోసుకుపోవడం అమ్మేవాళ్లకూ కష్టమే కదా. వారపు అంగడి సూత్రమూ ఇదే: పొద్దున పోతే మంచివి ఏరుకోవచ్చు, అంగడి లేచే యాళ్లకు పోతే బేరం కుదురుతుంది. తెలుగు, మరాఠీ, ఉర్దూ, గోండి కలగలిసే ఆ సంతల్లో బేరం మాటలన్నీ పొట్టివే.

"అక్కా, గీ అంగి ఎంత?"

"నూటయాభై."

"నూరు తీస్కో."

"గిట్టుబాటు గాదు బిడ్డా."

ఇక్కడ నవ్వి ఒక్క అడుగు వెనక్కి వేయగలిగితే చాలు, నూటపాతిక దగ్గర తెగుతుంది. తెగకపోతే నిజంగానే వెళ్లిపోండి. వెళ్లిపోగలిగినవాడి మాటకే బేరంలో బరువు. అయితే ఎండలో కూర్చున్న మనిషితో చివరి పది రూపాయల కోసం గుంజాటన పెట్టుకుని, ఆ సాయంత్రమే మాల్‌లో నోరెత్తకుండా కార్డు గీకే తెలివిని నేనైతే పొదుపు అనను.

కొనడం వచ్చినవాళ్లకు వదిలించుకోవడమూ రావాలి. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె వీధిలోకి వచ్చినప్పుడు గుండీలు కుట్టి, ఉతికి ఇచ్చిన ప్యాంటుకు విలువ ఎక్కువ కడుతుంది. అదే బట్ట చేతులు మారి ఏదో అంగట్లో మళ్లీ కుప్పకెక్కుతుంది. తొడగడానికి పనికిరాని ఉన్ని హర్యానాలోని పానిపట్‌కు చేరి, పీచుగా చీలి, మళ్లీ దారమై కంబళిగా మారుతుంది. ఒక్కదాని దగ్గర మాత్రం చెయ్యి ఆపండి. "పాత పట్టుచీరలు కొంటాం" అంటూ వచ్చేవాళ్ల చూపు పట్టు మీద కాదు, జరీ మీద ఉంటుంది. అసలు జరీలో వెండి ఉంటుంది. అమ్మమ్మ చీర గడప దాటే ముందు దాని అంచు ఒకసారి తెలిసిన కంసాలికి చూపించండి.