నేలలో గూడు కట్టే పొడవు మీసాల ఒంటరి తేనెటీగలు: గుర్తింపు, అలవాట్లు

తిరుపతి, చిత్తూరు జిల్లాల ఎర్ర ఇసుక నేలలలో చేను గట్లపై పెన్సిలు మందపు రంధ్రాలు కనిపించినప్పుడు వాటిని చీమల బొరియలుగా భావించి వదలివేయడం పరిపాటి. వాటిలో కొన్ని ఒంటరి తేనెటీగల గూళ్లు కావచ్చు. వీటికి పట్టు లేదు, రాణి లేదు, కూలి ఈగలు లేవు. ప్రతి ఆడ ఈగ తన గూటిని తానే తవ్వి, తన సంతానానికి తానే ఆహారం సమకూర్చుతుంది. ఏపిడే కుటుంబంలోని యూసెరిని తెగకు చెందిన పొడవు మీసాల తేనెటీగలు ఈ కోవలోనివే. ఈ తెగకు మూలమైన యూసెరా ప్రజాతికి స్కోపోలి 1770లో పేరు పెట్టాడు. గ్రీకు భాషలో దానికి ‘మంచి కొమ్ము’ అని అర్థం.

అయితే ఆ కొమ్ము మగ ఈగకు మాత్రమే ఉంటుంది. మగ ఈగ స్పర్శశృంగాలు వెనుకకు వాలిస్తే వక్షాన్ని దాటి ఉదరం వరకు చేరుతాయి. పలు జాతులలో ముఖపు ముందుభాగం పసుపు రంగులో ఉంటుంది. ఆడ ఈగ స్పర్శశృంగాలు సాధారణమైన పొడవే కలిగి ఉంటాయి. అందువలన మీసాల పొడవునే ప్రమాణంగా తీసుకొన్న సర్వేలో మగవి మాత్రమే లెక్కకు వస్తాయి. గూడు తవ్వేది, పుప్పొడి మోసేది అయిన ఆడ ఈగ ‘ఇతర తేనెటీగలు’ అన్న గడిలో కలిసిపోతుంది.

ఆడ ఈగను గుర్తించడానికి మొదట వెనుక కాలిని చూడాలి. పట్టు తేనెటీగ పుప్పొడిని తేనెతో తడిపి, కాలిపై ఉన్న నున్నని బుట్టలో ముద్దగా పెడుతుంది. పొడవు మీసాల ఈగ వెనుక కాలు దట్టమైన రోమాల కుంచెవలె ఉండి, పుప్పొడి ఆ రోమాల నడుమ పరచుకొని కనిపిస్తుంది. నీలిపట్టెల అమెజిల్లా ఈగకు కూడ ఇటువంటి కుంచె ఉండడమే అసలు చిక్కు. అది పూల ముందు గాలిలో నిలిచి, చప్పున పక్కకు దూకుతుంది. ఉదరంపై మెరిసే నీలి పట్టెలు ఉంటే సందేహం తీరుతుంది. కాని అమెజిల్లా జాతులన్నింటికీ నీలి పట్టెలు ఉండవు. అటువంటప్పుడు నమూనాను సూదికి గుచ్చి వర్గీకరణ నిపుణునికి పంపడమే సరియైన మార్గం. ఈ తెగలో ప్రజాతుల హద్దులు మారుతూ వస్తున్నందున, ఒకే కీటకం పాత గ్రంథంలో ఒక పేరుతోను, నూతన పత్రంలో మరొక పేరుతోను కనబడితే విద్యార్థులు కలవరపడనక్కరలేదు.

గూడు నిలువు సొరంగం. దాని చివర, పక్కల చిన్న గదులు ఉంటాయి. గది గోడలకు ఈగ తన గ్రంథి స్రావాన్ని పూసి తేమను అడ్డుకుంటుంది. పుప్పొడి, మకరందం కలిపి నిల్వచేసి, ఒక గుడ్డు పెట్టి మూసివేస్తుంది. డింభకం ఆ మేత తిని, సాధారణంగా మరుసటి పూత కాలం వరకు భూమిలోనే ఉండిపోతుంది. ఎగిరే ఈగలు కొద్ది వారాలే కనబడతాయి. గట్టుపై ఈగలు లేవు కనుక గూళ్లు లేవనుకోవడం ఈ కారణంగానే తప్పు.

మగ ఈగలకు గూడు ఉండదు. సాయంకాలానికి అవి ఎండుపుల్లలను, మొక్కల కాండాలను దవడలతో కరచిపట్టుకొని, పలుమార్లు గుంపుగా నిద్రిస్తాయి. విస్తరణ కార్యకర్తలు దీనిని ప్రత్యేకంగా గమనించాలి. తేనెటీగల రక్షణకై సాయంకాలం పిచికారీ చేయవలెనన్న సలహా పట్టు తేనెటీగ విషయంలో సరియైనదే. ఆ వేళకు అది గూటికి చేరుతుంది. గట్టు మీది పుల్లలపై నిద్రించే మగ ఈగకు ఆ సలహా వలన మేలు లేదు. పెట్టెను వేరొక చోటికి తరలించవలెనన్న సలహా నేలలోని గూటికి అసలే వర్తించదు.

కెనడాలో విల్లిస్ చాన్, రైన్ ఇదే తెగకు చెందిన గుమ్మడి ఈగపై చేసిన పరిశోధన 2021లో వెలువడింది. నాటే సమయంలో ఇమిడాక్లోప్రిడ్ నేలకు వేసిన మడులలో ఆడ ఈగలు 85 శాతం తక్కువ గూళ్లు కట్టాయి. సంతానం 89 శాతం తగ్గింది. ఈ ఫలితాన్ని వేరుశనగకు యథాతథంగా అన్వయించరాదు. వేరుశనగ ప్రధానంగా స్వపరాగ సంపర్క పంట. అందులో ఈగల లోటు దిగుబడిలో కనబడదు. ఆడ, మగ పూలు వేరుగా ఉండే గుమ్మడి, దోస పక్క మడిలో ఉన్నప్పుడే ఆ లోటు రైతుకు తెలుస్తుంది.

వేసవి దుక్కి మరింత క్లిష్టమైన విషయం. ఎర్రగొంగళి పురుగు కోశస్థ దశలను పైకి తెచ్చి పక్షులకు, ఎండకు గురిచేయడానికి ఈ దుక్కిని సిఫారసు చేస్తారు. దానిని మానవలసిన పని లేదు. పంటనష్టం తక్కువైనది కాదు. అయితే ఆ కోశస్థ దశలు గట్ల వద్ద, చెట్ల నీడన కూడ ఉంటాయి గనుక సలహా గట్ల వరకు పోతుంది, గూళ్లు ఉండేదీ అక్కడే. పూత కాలంలో ఉదయం వేళ గట్టు వద్ద నిలిచి, పుప్పొడితో ఒంటరిగా లోనికి పోయే ఈగను చూసి, ఆ రంధ్రం పక్కన కర్ర పాతి తేదీ రాసుకోవడం తేలిక. వేసవిలో గట్లను తవ్వించేటప్పుడు కర్రలున్న బారలను వదలి, మిగిలిన చోట కోశస్థ దశలను ఏరించవచ్చు. అదే కర్రల వద్ద మరుసటి ఏడు మొదటి ఈగ వెలువడిన తేదీని, అప్పుడు పూతలో ఉన్న మొక్కలను నమోదు చేయాలి.