చివరి బెంచీలోని క్రొత్తవారు

చదువుకొనవలసిన భాగములు: అపొ. కార్య. 18:24–28, 19:1–7, మత్తయి 5:23, 24, 1 కొరింథీ. 1:10–17



గత వానకాలములో ఒక ఆదివారము ఆరాధన ఆరంభమైన పిమ్మట ఒక కుటుంబము మన మందిరములోనికి వచ్చి చివరి బెంచీలో కూర్చుండెను. భార్యాభర్తలు, ఇద్దరు బిడ్డలు. వారు పొరుగూరి బాప్తిస్టు సంఘమువారని మీలో అనేకులకు తెలియును. తలలు ఒక్కొక్కటిగా వెనుకకు తిరుగుట మేము ముందునుండి చూచుచునే యుంటిమి. ఆరాధన ముగిసి వాకిటికి రాకమునుపే సంఘపెద్దలలో ఒకరు మా చెవి దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, వాళ్లు అక్కడ మానుకున్నారట. వచ్చే ఆదివారానికి దండలు తెప్పించమంటారా?" అని అడిగిరి.

దండలు అన్న మాట వినగానే మాకు సిగ్గు కలిగినది. కారణము చెప్పెదము. కొన్ని సంవత్సరముల క్రిందట వేరొక గ్రామములో మేము సేవ చేయుచుండగా ఇట్లే ఒక కుటుంబము మరియొక సంఘమును విడిచి వచ్చెను. మేము రెండవ ఆదివారముననే వారికి దండలు వేసి, ముందర నిలువబెట్టి, వార్షిక నివేదికలో కూడ వారిని లెక్కించితిమి. వారు ఆ సంఘమును ఎందుకు విడిచిరో అడుగలేదు. అడిగినయెడల తిరిగిపోవుదురేమో అని భయపడితిమి కాబోలు. సంవత్సరము తిరుగకమునుపే వారు ఏ విధముగా అక్కడనుండి వచ్చిరో ఆ విధముగానే కోపముతో మన సంఘమునుకూడ విడిచిపోయిరి. దండ వేసితిమి గాని ఒక్క ప్రశ్నయైనను వేయమైతిమి. ఆ తప్పు వారిది కాదు, మాది.

అందుచేత ఈసారి దండలు వద్దంటిమి. పెద్దగారికి అది రుచింపలేదు.

మొదటిసారి వచ్చినవారికి మన ఆరాధన ఎట్లు కనబడునో మనము ఎన్నడైనను తలంచితిమా? మనకు చిన్ననాటినుండి అలవాటైన ఆరాధన క్రమము వారికి తెలియని త్రోవవంటిది. ఎప్పుడు లేవవలయునో, ఎప్పుడు మోకరింపవలయునో తెలియక, ముందు బెంచీవారిని చూచి సగము లేచి మరల కూర్చుండుచుండిరి. మన యౌవనులు కొందరు నవ్విరి. నవ్వినవారెవరో మాకు తెలియును గాని పేళ్లు వ్రాయము. అయితే మన సంఘములోని ఒక ముసలి తల్లి తన చోటు విడిచి వెనుకకు పోయి, ఆ కోడలి ప్రక్కను కూర్చుండి, పుస్తకము తెరచి, చదువుచున్న వరుసక్రింద వ్రేలు పెట్టి చూపుచుండెను. ఆ దినమున మా ప్రసంగముకంటె ఆ వ్రేలే ఎక్కువ బోధించినదని మా నమ్మకము.

కీర్తన వచ్చినప్పుడు మాత్రము వారికి పుస్తకము అక్కరలేకపోయెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు వారివియు మనవియు గదా! పురుషోత్తమ చౌదరిగారు లూథరను కారు. అయినను ఆయన కీర్తనలు లేనియెడల మన పాటలు ఎంత చిన్నబోవును!

మూడవ వారము ఆ సహోదరుడు మమ్మును రెండు సంగతులడిగెను. వ్రాసియున్న దానిని చూచి చదువుట ప్రార్థన యగునా అనునది మొదటిది. దీనికి ఉత్తరము సులభము. కీర్తనల గ్రంథమంతయు వ్రాసియున్న ప్రార్థనలే. మన ప్రభువు సిలువమీద కడపటి వేదనలో ప్రార్థించినప్పుడు కీర్తనలలోని మాటలనే (22:1, 31:5) పలికెను. మాట వ్రాసినదైనను హృదయము దానితో నడిచినయెడల అది ప్రార్థనయే; హృదయము నడువనియెడల కన్నులు మూసికొని చేసినదియు ప్రార్థన కాదు. రెండవది లోతైన ప్రశ్న. ఆరాధన మొదటనే మనమందరము పాపములు ఒప్పుకొందుము, వెంటనే పాస్టరు క్షమాపణ ప్రకటించును. "మనుష్యుడు పాపాలు క్షమించటమేమిటండీ?" అని ఆయన అడిగెను.

ఒకప్పుడు మన యూళ్లకు తపాలా బంట్రోతు మనియార్డరు తెచ్చుచుండెను. ఆ డబ్బు అతనిది కాదు. అతడు మనకంటె బీదవాడై యుండవచ్చును. అయినను అతడు మన చేతిలో పెట్టినది నిజమైన డబ్బే, పంపినవాడు మన పేరుననే పంపెను. పునరుత్థానుడైన ప్రభువు తన శిష్యులకు అప్పగించిన పని ఇట్టిదే (యోహాను 20:21–23). పాస్టరు తన సొంత సంచినుండి ఏమియు ఇయ్యడు. ఈ మాట చెప్పినప్పుడు ఆయన తల వంచుకొని, చాలసేపు మాటలాడక, లేచి వెళ్లిపోయెను. మేము చెప్పినది ఆయనకు నచ్చలేదేమో అనుకొంటిమి.

తరువాతి వారము ఆయన వేరొక మాటతో వచ్చెను. "నన్ను పూర్తిగా మీవాడిగా చేసుకోండి అయ్యగారూ. మీ పద్ధతిలో మళ్లీ బాప్తిస్మం ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు" అనెను. ఆయన పదునారేండ్ల ప్రాయమున తన విశ్వాసము ఒప్పుకొని, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమున కాలువలో ముంచబడినవాడు. మేము ఇయ్యమంటిమి. ఆయన ఆశ్చర్యపడెను. మన పెద్దలలో కొందరును ఆశ్చర్యపడిరి గనుక ఇక్కడ కొంచెము నిదానముగా చెప్పవలసియున్నది.

బాప్తిస్మములో పనిచేయువాడు దేవుడు. నీళ్లు ఎన్ని, పాస్టరు ఎవరు, ఆ సంఘము గుమ్మముమీద వ్రాసియున్న పేరేమి అనువాటివలన అది నిలుచుటయు పడుటయు లేదు. నీళ్లును, ప్రభువు ఆజ్ఞాపించిన నామమును ఉన్నయెడల అది బాప్తిస్మమే, అది ఒక్కటే (ఎఫెసీ. 4:5). మార్టిన్ లూథరు 1483లో ఐస్లెబెన్ అను ఊరిలో పుట్టిన మరునాడే, నవంబరు 11న, రోమా సంఘమునందు బాప్తిస్మము పొందెను. తరువాత ఆ సంఘముతో ఎంత గొప్ప పోరాటము జరిగినను ఆయన మరల బాప్తిస్మము పొందలేదు, ఆ సంఘమునుండి వచ్చిన ఎవరికిని మరల ఇయ్యవలెనని చెప్పలేదు. పైగా 1528లో ఇద్దరు పాస్టర్లకు ఈ సంగతినిగూర్చియే పెద్ద ఉత్తరము వ్రాసి, మరల బాప్తిస్మమిచ్చుట తగదని వాదించెను.

"అయితే ఎఫెసులో పండ్రెండుగురికి పౌలు మరల ఇప్పించెను గదా" అని మీరడుగుదురు. మంచి ప్రశ్నయే. అపొ. కార్య. 19వ అధ్యాయము మెల్లగా చదువుడి. వారు పొందినది యోహాను బాప్తిస్మము, పరిశుద్ధాత్మ యున్నాడను మాటయే వారు వినియుండలేదు. అనగా వారు పొందవలసిన బాప్తిస్మమును అప్పుడే మొదటిసారి పొందిరి. దానికి ముందు అధ్యాయములోని అపొల్లోను చూడుడి. ఆయనకును కొరత యుండెను. అయితే ప్రిస్కిల్ల అకులలు సమాజమందిరములో లేచి ఆయనను తప్పు పట్టలేదు. తమయొద్దకు చేర్చుకొని దేవుని మార్గమును మరింత పూర్తిగా వివరించిరి. వారు డేరాలు కుట్టువారు, సామాన్య గృహస్థులు. పుస్తకముక్రింద వ్రేలు పెట్టిన మన తల్లి ఈ ప్రిస్కిల్ల వరుసలోనిదే.

మన బిడ్డలు బాప్తిస్టు సంఘమునకు వెళ్లినప్పుడు శిశువులుగా పొందిన బాప్తిస్మమును వారు సాధారణముగా అంగీకరింపక మరల ముంచుదురు. అది మనకు నొప్పి కలిగించును. ఈ భేదము చిన్నదని చెప్పి మిమ్మును మోసపుచ్చము. మనము పసిబిడ్డలను ప్రభువునొద్దకు తెచ్చుటకు లేఖనాధారము కలదు (మార్కు 10:13–16, అపొ. కార్య. 16:33), దానిని వేరొక నెలలో వివరముగా వ్రాయుదుము. అయితే మనకు తగిలిన నొప్పిని మనము ఇతరులకు తగిలింపవలెనా?

మరియొక సంగతికూడ గమనింపుడి. మన తాతలు లూథరనులైనది, వారి తాతలు బాప్తిస్టులైనది, అందరు కూర్చుండి లేఖనములు పరిశోధించి తీర్మానించుకొన్నందున కాదు. ఏ మిషనరీ ఏ ప్రాంతమునకు వచ్చెనో అదియే చాలవరకు కారణము. హయ్యరుగారు 1842 జూలై 31న గుంటూరు చేరిరి. అచ్చట ఆయనను ఆదరించి నిలుపుకొన్న కలెక్టరు స్టోక్సుగారు లూథరను కాక ఆంగ్లికను సంఘస్థుడు. క్లౌగారు 1866లో ఒంగోలునకు వచ్చి బాప్తిస్టు సేవ నడిపిరి. 1876–78 నాటి గొప్ప కరువులో ఆయన కాలువ త్రవ్వకపు పని పట్టి వేలమందికి కూలి కల్పించి, కూటికొరకు ఎవరును క్రీస్తును ఒప్పుకొనకుండునట్లు ఆ దినములలో బాప్తిస్మములు ఆపివేసిరి. కరువు తగ్గిన పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2222 మంది బాప్తిస్మము పొందిరి. మన చివరి బెంచీలో కూర్చున్న సహోదరుని తల్లి, తన పూర్వులు ఆ దినమున నీళ్లలోనికి దిగినవారిలో ఉన్నారని చెప్పును. ఆ నీళ్లు ఏమియు కావని ఏ నోటితో చెప్పుదుము?

ఆయనతో మేము ఇది చెప్పుచుండగా ఆయన కన్నీళ్లు పెట్టుకొనెను. మేము బాప్తిస్మమునుగూర్చి ఎంత బాగుగా బోధించితిమో అని లోపల మురిసితిమి. తీరా కారణము అది కాదు.

ఆ రాత్రి వాన కురియుచుండగా ఆయన తిరిగి మా యింటికి వచ్చెను. అమ్మగారు పొడి తువ్వాలు ఇచ్చి, కాఫీ ఇచ్చి, లోపలికి వెళ్లిపోయిరి. ఆయన చెప్పినది ఇది. తన సంఘములో మందిరపు పైకప్పు పనికి చందాలు ప్రోగుచేసినప్పుడు, డబ్బు లెక్క చూచిన పెద్దను ఈయన అందరిముందర దొంగ అనెను. తరువాత లెక్కలు చూడగా ఒక్క రూపాయియైనను తక్కువ లేదు. ఆ ముఖము ఎదుట పడలేక ఆ మందిరమునకు పోవుట మానెను. ఊరిలో మాత్రము, "అక్కడి బోధ నాకు నచ్చటంలేదు, లూథరనుల పద్ధతి బాగుంది" అని చెప్పుకొనెను. "అయ్యగారూ, మీరు ప్రతి వారం ఆ ఒప్పుకోలు చదివిస్తున్నారు. మొదటి వారం చదివాను. రెండో వారం గొంతు పట్టింది. క్షమాపణ చెబుతారే, అది నాకు కాదేమోనని..." అని ఆపివేసెను. మరల బాప్తిస్మము కోరుటకును అదియే కారణము. పాతదంతయు కొట్టివేసికొని వేరొక మనుష్యుడుగా మొదలుపెట్టవచ్చునని ఆయన ఆశ.

క్షమాపణ ఆయనకే అని చెప్పితిమి. మోకరించి కలిసి ప్రార్థించితిమి. పిమ్మట మత్తయి 5:23, 24 తెరచి ఆయననే చదువుమంటిమి. అర్పణము బలిపీఠమునొద్ద విడిచిపెట్టి, మొదట సహోదరునొద్దకు పోవలెనని ప్రభువు చెప్పిన భాగమది. దేవుడు క్షమించెను గనుక ఇక ఆ పెద్దయొద్దకు పోవలసిన పని లేదని కాదు. దేవుడు క్షమించెను గనుకనే పోవుటకు కాళ్లలో బలము కలుగును. "పోతే తిరిగి రానిస్తారో లేదో, వాళ్లు అక్కడే ఉండమంటేనో?" అనెను. ఉండమన్నయెడల ఉండుమని చెప్పితిమి. ఆ మాట చెప్పుట మాకు కష్టముగానే యుండెను. నాలుగు తలలు లెక్కించుకొన్న పెద్దలు మాత్రమే కాదు, మేమును లోలోపల లెక్కించుకొనియే యుంటిమి.

రెండు ఆదివారములు చివరి బెంచీ ఖాళీగా నుండెను. "వచ్చినవాళ్లను పంపేశారు" అని మన సంఘములో కొందరు అనుకొన్నట్లు మా చెవిని పడెను. మేము ఉత్తరమియ్యలేదు. ఒకరు రహస్యముగా చెప్పుకొన్నది చెప్పుటకు వీలులేదు గదా. ఇప్పుడు వ్రాయుట ఆ సహోదరుడు తానే వ్రాయుమని కోరినందున.

మూడవ వారము ఆయన ఒక ఉత్తరము తెచ్చెను. ఆయన ఆ పెద్ద ఇంటికి వెళ్లి, తరువాత సంఘము ఎదుటను, తన తప్పు ఒప్పుకొనెను. ఆ పెద్ద వెంటనే చేయి పట్టుకొనలేదట. రెండు దినములు పట్టినదట. అందులో మాకు వింత లేదు. తరువాత ఆయన తన పాస్టరుగారితో, తగవు తీరినను ఆ ఒప్పుకోలు, క్షమాపణల ఆరాధనయొద్ద నిలువవలెనని తన మనస్సు కోరుచున్నదని నెమ్మదిగా చెప్పెను. ఆ పాస్టరుగారు నొచ్చుకొనిరి, అయినను ఉత్తరము వ్రాసియిచ్చిరి. అపొల్లో అకయకు పోదలచినప్పుడు సహోదరులు ఆయనను చేర్చుకొనుడని అక్కడి శిష్యులకు వ్రాసిరి గదా (18:27). కావున ఇట్టి ఉత్తరము క్రొత్త ఏర్పాటు కాదు. ఆ పాస్టరుగారిని మేము వెళ్లి కలిసికొంటిమి. బాప్తిస్మమునుగూర్చి ఒక గంట వాదించుకొని, ఒకే పళ్లెములో జామపండ్లు తిని వచ్చితిమి.

ఇప్పుడు ఆ దంపతులు చిన్న ప్రశ్నోత్తరి నేర్చుకొనుచున్నారు. ప్రభువు బల్లలో ఆయన నిజమైన శరీరమును రక్తమును మనకియ్యబడుచున్నవని గ్రహించి వచ్చుటకు కొంతకాలము ఆగుమంటిమి. ఆగుట వారికి కొంచెము కష్టముగా నున్నది. బిడ్డల బాప్తిస్మమువిషయములో తల్లి ఇంకను ఆలోచించుచున్నది. ఆమెను తొందరపెట్టవద్దని మన స్త్రీల సమాజమువారికి ప్రత్యేకముగా మనవి చేయుచున్నాము.

గత నెలలో ఆ సహోదరుని తల్లికూడ ఒక ఆదివారము వచ్చినది. తన సంఘము తాను విడువనని ముందే చెప్పినది. కొడుకు కూర్చుండు చోటు చూడవలెనని మాత్రమే వచ్చినది. కీర్తనలు పుస్తకము లేకుండ పాడినది. ఒప్పుకోలు చదువునప్పుడు మోకరింపక, కొడుకు వీపుమీద చేయి వేసి నిలువబడినది. ఆరాధన అయిన పిమ్మట అందరు వెళ్లువరకు ఆగి, కఱ్ఱ ఆనుకొని మాయొద్దకు వచ్చి,

"అయ్యగారూ, మావాడికి మళ్లా నీళ్లు పొయ్యరు గదా?" అని అడిగినది.

"పొయ్యమమ్మా. వాడికి ఇచ్చినది ఇచ్చినదే" అంటిమి.

"సరే అయితే" అని, మనుమరాలి చేయి పట్టుకొని మెట్లు దిగినది.