కాపుదల అంటే కష్టం రాకపోవడమేనా?

ఈసారి మన స్త్రీల కూడికల్లో రోజూ వినే మాట ఒకటి పట్టుకుని కూర్చుందాం. కాపుదల. "దేవుని కాపుదలలో బాగున్నాం" అని ఫోనులో చెప్పుకుంటాం, ప్రార్థనలో అడుగుతాం, కొత్త సంవత్సరం రోజు వాగ్దానపు కార్డు తీస్తే అదే రావాలని ఆశపడతాం. అంత దగ్గరి మాట గనుకే దాని గురించి మనసు విప్పి మాట్లాడుకోవాలి.

సాక్ష్యాల సమయం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా! ఒకావిడ లేచి, "బండి మీద నుంచి పడ్డామండీ, చిన్న దెబ్బ కూడా తగల్లేదు, దేవుడు తన రెక్కల కింద దాచాడు" అంటుంది. ఇంకొకావిడ, "మా అబ్బాయి ఎక్కాల్సిన బస్సు తప్పిపోయింది, ఆ బస్సే బోల్తా పడింది" అంటుంది. అందరం స్తోత్రం అంటాం. అనాలి కూడా. మేలు పొందిన నోరు ఊరుకోకూడదు.

అయితే అదే చాప మీద, గోడకి ఆనుకుని, పోయిన నెలలో అలాంటి ప్రమాదంలోనే భర్తను పోగొట్టుకున్న చెల్లెలు కూర్చుని ఉంటుంది. వాళ్ల గుమ్మం మీదా 91వ కీర్తన స్టిక్కరు ఉంది. వాళ్లూ ప్రార్థన చేసుకునే బయల్దేరారు. మన స్తోత్రాల మధ్య ఆమె మనసులో ఏమి నడుస్తుందో ఎవరం అడగం. పైగా కూడిక అయ్యాక మెట్ల మీద చెప్పులు వేసుకుంటూ, "విశ్వాసం ఎక్కడో తగ్గి ఉంటుంది", "ఇంట్లో ఏదో దాపరికం ఉండుంటుంది" అని గుసగుసలాడేవాళ్లూ మనలోనే ఉన్నారు. భర్త పోయిన దుఃఖానికి తోడు, తన భక్తి చాలక ఆయన పోయాడన్న నిందను కూడా ఆ పిల్ల నెత్తిన పెడతాం. ఇది అన్యాయమమ్మా. బైబిలు మనకి ఆ హక్కు ఇవ్వలేదు.

అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం తీసి చూడండి. హేరోదు రాజు సంఘాన్ని హింసించడం మొదలుపెట్టి యాకోబును కత్తితో చంపిస్తాడు. ఈ యాకోబు ఎవరు? జెబెదయి కొడుకు, యోహానుకు తోడబుట్టినవాడు. యాయీరు ఇంట్లోకి, రూపాంతర కొండ మీదికి, గెత్సేమనే తోటలోకి యేసు తన వెంట తీసుకెళ్లిన ముగ్గురిలో ఒకడు. అంత దగ్గరివాడు పోయాడు, అదీ రెండే ముక్కల్లో రాసి ఉంటుంది. ఆ వెంటనే పేతురును పట్టుకుని జైల్లో వేస్తారు. రాజు ఆయన్ని జనం ముందుకు తేవాలనుకున్న రోజుకు ముందు రాత్రి దూత వచ్చి గొలుసులు ఊడగొట్టి బయటికి తీసుకొస్తాడు. రాజు అదే, ఊరు అదే, సంఘం అదే. ఒకడు చనిపోయాడు, ఒకడు బతికాడు.

పేతురుకి విశ్వాసం ఎక్కువా? యాకోబుకి తక్కువా? అలా అనడానికి ఎవరికైనా నోరొస్తుందా? ఇంకో ముచ్చట కూడా ఉంది, వినండి. బయటపడిన పేతురు, మార్కు తల్లి మరియ ఇంటికొచ్చి తలుపు తడతాడు. లోపల అందరూ ఆయన కోసమే ప్రార్థన చేస్తున్నారు. తలుపు దగ్గరికొచ్చిన రొదే అనే పిల్ల గొంతు గుర్తుపట్టి, సంతోషం పట్టలేక తలుపు తీయడం కూడా మరిచిపోయి లోపలికి పరుగెత్తి, పేతురొచ్చాడని చెబుతుంది. వాళ్లేమన్నారో తెలుసా? "నీకు పిచ్చి పట్టింది" అన్నారు! అడిగింది దొరికితే నమ్మలేకపోయారు. అంటే పేతురు విడుదల వాళ్ల విశ్వాసానికి కట్టిన కూలి కాదు. ఇది అర్థమైతే, యాకోబు మరణం కూడా ఎవరి అవిశ్వాసానికో పడిన జరిమానా కాదని అర్థమవుతుంది.

హెబ్రీ పత్రిక 11వ అధ్యాయమూ అంతే. సింహాల నోళ్లు మూయించినవాళ్లు, కత్తి వాత నుంచి తప్పించుకున్నవాళ్లు అందులో ఉన్నారు. రెండు మూడు వచనాలు దాటగానే రాళ్లతో కొట్టబడినవాళ్లు, రంపాలతో కోయబడినవాళ్లు, కత్తితో చంపబడినవాళ్లు ఉన్నారు. అందరినీ ఒకే జాబితాలో విశ్వాసులుగానే రాశారు. మనం మాత్రం మొదటి సగం చదివి పుస్తకం మూసేస్తాం.

ఇక 91వ కీర్తన. కరోనా రోజుల్లో అది లేని వాట్సాప్ స్టేటస్ చూశామా? రాత్రిపూట భయంతో ఎంతమందిమి దాన్ని పట్టుకుని పడుకున్నాం! పట్టుకోవాల్సిందే, అది మన తల్లులు మనకిచ్చిన ఆస్తి. కానీ దాని చివరి వచనాల దాకా వెళ్లండి. శ్రమలో తోడుంటానని దేవుడు మాట ఇస్తాడు అక్కడ. విశ్వాసికి శ్రమే రాకపోతే ఆ తోడు ఎందుకు?

ఆ కీర్తన సాతానుకి కూడా కంఠతా వచ్చు. మత్తయి సువార్త 4వ అధ్యాయంలో యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకమని చెబుతూ వాడు ఎత్తి చూపించింది ఈ కీర్తనలోని దూతల వాగ్దానాన్నే. యేసు దూకలేదు. దేవుణ్ణి పరీక్షించకూడదన్నాడు. వాగ్దానం ఉంది కదా అని చేజేతులా ప్రమాదంలోకి దిగడం భక్తి కాదని మన ప్రభువే చేసి చూపించాడు.

అందుకే గట్టిగా చెబుతున్నా. ప్రార్థన చేయించుకున్నాం కదా అని షుగరు మాత్రలు, బీపీ మాత్రలు మానేయకండి. టీబీ మందులు మధ్యలో ఆపకండి. హెల్మెట్ ఇంట్లో పెట్టి వాక్యం ఒక్కటీ మోసుకెళ్లకండి. యేసు పదిమంది కుష్ఠరోగులను వెళ్లి యాజకులకు కనబడమన్నాడు, వాళ్లు వెళ్తుండగానే బాగయ్యారు. రోగం పోయిందో లేదో చూసి తేల్చాల్సింది ఆ రోజుల్లో యాజకులే మరి. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. తిమోతి కడుపు జబ్బుకు పౌలు రాసింది ఉపవాసం కాదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని. నూనె రాయించుకుని ప్రార్థన చేయించుకోండి, మాత్ర కూడా వేసుకోండి. రెండూ దేవుని చేతిలోంచి వచ్చినవే. స్వస్థత నిజంగా జరిగితే డాక్టరు పరీక్షలోనూ కనబడుతుంది. అప్పుడు మందు ఆపమని ఆ డాక్టరే చెబుతాడు.

ఇంకో సంగతి. ఇది మెల్లగా మాట్లాడుకునేది కాదు, పైకే మాట్లాడుకోవాలి. తాగొచ్చి కొట్టే భర్త దగ్గర చావుదెబ్బలు తింటున్న చెల్లెలితో, "ఓర్చుకోమ్మా, దేవుడు చూసుకుంటాడు, ఇల్లు దాటితే సాక్ష్యం పోతుంది" అని సలహా ఇచ్చే పెద్దమ్మలున్నారు. మంచి మనసుతోనే చెబుతారు, కాదనను. కానీ బైబిలులో దేవుడు కాపాడినవాళ్లు ఎంతమంది పారిపోయి బతికారో చూశారా? సౌలు మనుషులు చంపడానికొస్తే మీకాలు తన భర్త దావీదును కిటికీలోంచి దించి పంపేసింది. దమస్కులో పౌలును గంపలో పెట్టి గోడ మీద నుంచి దించారు. పసిబాలుడైన యేసును ఎత్తుకుని మరియ, యోసేపు రాత్రికి రాత్రి ఐగుప్తుకు వెళ్లిపోయారు. లేచి పారిపొమ్మని యోసేపుకు కలలో చెప్పింది దేవదూతే! వెళ్లిపోవడం అవిశ్వాసమైతే దూత అలా చెబుతాడా?

కాబట్టి ప్రాణం మీదికొచ్చిన చెల్లెలికి కిటికీ చూపించండి, గంప పట్టుకోండి. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112. ఈ రెండు నంబర్లు మీ బైబిలు మొదటి పేజీలో రాసిపెట్టుకోండి. 2005 నాటి గృహహింస చట్టం ఆమెకు రక్షణ ఉత్తర్వు కోరే హక్కు, కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది. ఆమెతో పాటు పోలీసు స్టేషనుకు వెళ్లడం కూడా పరిచర్యే.

కొట్టేవాడు లేకపోయినా, చచ్చేంత అలసట మనకి కొత్త కాదు. ఏలీయా ప్రవక్త కర్మెలు కొండ మీద అంత పెద్ద విజయం చూసి, యెజెబెలు బెదిరింపుకి హడలిపోయి, అరణ్యంలో బదరీ చెట్టు కింద పడి, ఇక చాలు, చచ్చిపోతానన్నాడు. దేవుడు ఏం పంపాడు? ప్రసంగం పంపలేదు. "ప్రవక్తవై ఉండి ఇదేంటి" అని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూతతో వేడి రొట్టె, కుండలో నీళ్లు పెట్టించాడు. తిని మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి మళ్లీ తినిపించాడు. ప్రశ్నలూ సంభాషణలూ ఆ తర్వాత, హోరేబు కొండ మీద. బిడ్డను కని నిద్రల్లేక ఏడుస్తున్న కోడలికి, మంచాన పడ్డ అత్తకు ఏళ్ల తరబడి సేవ చేస్తున్న వదినకు ముందు కావలసింది ఒక పూట అన్నం, నాలుగు గంటల నిద్ర. అవి పెట్టాక వాక్యం చెబుదాం.

ఇంతకీ ఆ కాపుదల మన దగ్గరికి ఏ దారిన వస్తుందంటారు? ఎక్కువసార్లు మనుషుల చేతుల మీదుగానే. రూతు కథలో బోయజు ముందు మంచి మాట చెబుతాడు, ఇశ్రాయేలు దేవుని రెక్కల నీడకు వచ్చావు, ఆయన నీకు ప్రతిఫలమిస్తాడని. చెప్పి ఊరుకోలేదు. ఆ పరాయి పిల్లను ఎవరూ ముట్టుకోకూడదని పనివాళ్లకు ఆజ్ఞ ఇచ్చాడు. ఆమె ఏరుకోవడానికని పనల్లోంచి కావాలనే కొన్ని పరిగెలు పడేయమన్నాడు. తను చేసిన ప్రార్థనకు తనే జవాబయ్యాడు.

మన నేల మీదే ఇలాంటి కథ ఒకటి నడిచింది. ఒంగోలు వైపు వాళ్లకు అమ్మమ్మల నోట విన్నదే. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. మద్రాసు రాజధాని అంతటా లక్షల మంది పోయారు, ఆకలికి కలరా తోడైంది. నమ్మినవాళ్లనీ నమ్మనివాళ్లనీ ఆ కరువు వేరు చేసి చూడలేదు. అప్పుడు ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉన్నాడు. అంతకుముందు సర్వేయరుగా పనిచేసినవాడు. కరువు పనుల కింద ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే, అందులో కొన్ని మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. వేరే చోట్ల మేస్త్రీల ఈసడింపులకు భయపడే మాదిగ కుటుంబాలకు అక్కడ పని దొరికింది. తమ బోధకులే పని చూసే పెద్దలయ్యారు. గంప మోసిన చేతికి కూలి అందింది. ఆ కూలే ఇంట్లో గంజి అయింది.

అందులో నాకు అన్నిటికంటే నచ్చేది, కరువు నడుస్తున్నంత కాలం ఆయన బాప్తిస్మాలు ఇవ్వడం ఆపేశాడు. అన్నం కోసం మతంలోకి వచ్చారన్న మాట ఎవరూ అనకూడదని, ఆకలిని అడ్డం పెట్టుకుని ఎవరినీ చేర్చుకోకూడదని. పని అయిపోయాక, ఇక ఇవ్వడానికి డబ్బేమీ లేదని తేల్చి చెప్పాక కూడా జనం వెనక్కి పోలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనం ఆ అంకెను గొప్పగా చెప్పుకుంటాం. నాకైతే ఆ అంకెకు ముందున్న కాలువే గొప్ప. దేవుడు మమ్మల్ని చూసుకున్నాడని ఆ తల్లులు చెప్పుకున్నారంటే, ఆ చూసుకోవడంలో పలుగూ పారా ఉన్నాయి, కూలి లెక్క ఉంది, వాళ్లను మనుషులుగా పిలిచిన పిలుపు ఉంది.

ఇక మన సంగతి. సాక్ష్యం చెప్పడం మానమని నేను అనడం లేదు. చెప్పండి, నిండుగా చెప్పండి. చెప్పేటప్పుడు "నేను ప్రార్థన చేశాను గనుక" అనే మాట ఒక్కటి తగ్గించి, "ఆయన కృప" అనండి. ఆ ఒక్క మార్పుతో వెనక కూర్చున్న చెల్లెలు తల ఎత్తుకుని వినగలుగుతుంది. ఆమె ఇంటికి వెళ్లినప్పుడు దేవుడు ఎందుకిలా చేశాడో వివరించకండి. ఆ వివరం మన దగ్గర లేదు. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులూ నోరు విప్పకుండా పక్కన కూర్చున్నంత వరకే బాగున్నారు, మాట్లాడటం మొదలెట్టాకే చెడిపోయారు. ఆమెను ఏడవనివ్వండి. దేవుణ్ణి నిలదీస్తే నిలదీయనివ్వండి. కీర్తనల గ్రంథంలో అలా నిలదీసిన కీర్తనలు చాలా ఉన్నాయి, దేవుడు వాటిని తీసేయించలేదు. బియ్యం ఉన్నాయో లేవో చూడండి. పిల్లల ఫీజు కట్టే తేదీ అడగండి. వితంతు పెన్షను కాగితాలకు, డెత్ సర్టిఫికెట్టుకు ఆఫీసుల చుట్టూ తిరగడానికి మీ ఇంట్లో బండి నడిపే అబ్బాయిని తోడివ్వండి. ఆదిసంఘంలో విధవరాళ్లకు రోజూ పెట్టే భోజనం సరిగా అందడం లేదని ఫిర్యాదొస్తే, అపొస్తలులు దాన్ని చిన్న విషయమని తోసేయలేదు. ఆ పని చూడటానికే ఆత్మతో నిండిన ఏడుగురిని ఏర్పాటు చేశారు.

వచ్చే కూడికలో సాక్ష్యాలు అయిపోగానే లేచి వచ్చేయకండి. ఈ నెలలో ఎవరి ఇంట్లో దుఃఖం వచ్చిందో పేరు పెట్టి అడగండి, ఎవరు ఏ రోజు వెళ్లాలో అక్కడే చీటీ రాసుకోండి. ఆ ఇంటి పిల్లలు పెద్దయ్యాక, దేవుడు మమ్మల్ని కాపాడాడని సాక్ష్యం చెప్పేటప్పుడు అందులో మీ చెయ్యి కూడా ఉండాలి.