పిట్టల వేటకు పర్మిట్ ఇస్తారా?

ప్రశ్న: ఛత్తీస్‌గఢ్ నుంచి మా బావగారు సంక్రాంతికి వస్తున్నారు. కౌజులు, పూరేళ్లు కొట్టడానికి ఎయిర్‌గన్ తెస్తానంటున్నారు. బయటి రాష్ట్రం వాళ్లకి లైసెన్సు ఎక్కడిస్తారు? మా మావయ్య పొలంలోనైతే ఫరవాలేదా?
– ఒక పాఠకుడు, ఉక్కునగరం

జవాబు: వినోదానికి వేటాడే లైసెన్సు ఇప్పుడు ఎవరికీ ఇవ్వరండీ, ఇక్కడివాళ్లకైనా, బయటివాళ్లకైనా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధిస్తోంది. పాత వేట లైసెన్సుల పద్ధతిని 1991 సవరణ ఎత్తేసింది. సొంత పొలంలో కొట్టినా నేరమే. వల పన్నినా, ఉచ్చు వేసినా, గుడ్లు తీసినా అంతే. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కంబాలకొండ లాంటి అభయారణ్యంలో వేటాడితే కనీసం మూడేళ్ల జైలు.

ఎయిర్‌గన్ ఇంట్లోనే వదిలి రమ్మనండి. తినాలని ఉంటే ఫారంలో పెంచిన జపాన్ కౌజులు కొనుక్కోవచ్చు. పిట్టల మీద ఇష్టమైతే బైనాక్యులర్స్ పట్టుకుని, పిల్లలతో కలిసి కంబాలకొండ ఎకో పార్కుకు వెళ్లండి.