ఎర్రనీరు రాకముందే పడవ ఇంజన్ పరీక్ష

గోదావరి డెల్టాలోని లంకలలో అరటి, కంద, కూరగాయలు పండించే రైతులలో చాలామందికి పొలానికీ మార్కెట్‌కూ నడుమ పడవే ఆధారం కనుక, నదికి ఎర్రనీరు తగిలి ప్రవాహం వడి అందుకోకముందే, అంటే మే, జూన్ నెలలలోనే, ఇంజన్‌ను పరీక్షించి సరిచేసుకోవడం ఖరీఫ్ పనులలో ఒకటిగా ఎంచదగినది. పాత పెట్రోలు ఇంజన్లలో తరచుగా కనిపించే లోపం ఏమిటంటే, ఏటి నడుమ వేగంగా పోతున్నంతసేపూ బాగానే లాగి, రేవు దగ్గరకు వచ్చి స్లోలో పెట్టగానే కొట్టుకుంటూ, ఎగుడుదిగుడుగా తిరిగి ఆగిపోవడం. పడవను ఒడ్డుకు చేర్చే క్షణంలోనే అదుపు అవసరం ఎక్కువ కాబట్టి, దీనిని వయసుమళ్లిన ఇంజన్ చికాకుగా భావించి వదిలివేయడం ప్రమాదకరం.

కార్బురేటర్ ద్వారా ఇంధనం అందుకునే ఇంజన్‌లో, బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు దాదాపు 14.7 పాళ్ల గాలి కలిసినప్పుడు ఇంధనమూ గాలీ రెండూ పూర్తిగా వినియోగమవుతాయి. స్లోలో ఉన్నప్పుడు కార్బురేటర్‌లోని థ్రాటిల్, అంటే గాలి దారిని తెరిచి మూసే రెక్క, దాదాపు మూసుకొని ఉండగా పిస్టన్ మాత్రం లోపలికి పీలుస్తూనే ఉంటుంది గనుక, ఆ రెక్కకూ సిలిండర్‌కూ నడుమనున్న గొట్టంలో పీడనం బయటి గాలి కంటే బాగా తగ్గిపోతుంది. దీనినే వాక్యూమ్ అంటారు. ఆ భాగంలో గ్యాస్కెట్ చిరిగినా, రబ్బరు గొట్టం పగిలినా, బోల్టు వదులైనా, కార్బురేటర్ లెక్కలోకి రాని గాలి చొరబడి మిశ్రమం పలుచబడుతుంది. వేగం పెంచినప్పుడు థ్రాటిల్ తెరుచుకొని ఎక్కువ గాలి రావడంతో పాటు పీల్పు కూడా తగ్గుతుంది కనుక, అదే లీకు అప్పుడు లెక్కకు రాదు. స్లోలో మొరాయించి వేగంలో సర్దుకోవడానికి కారణం ఇదే.

అయితే స్లో జెట్‌లో, అంటే తక్కువ వేగంలో పెట్రోలు అందించే సన్నని రంధ్రంలో, మడ్డి చేరినా ఇవే లక్షణాలు కనబడతాయి. చోక్‌ను కొద్దిగా మూసినప్పుడు ఇంజన్ కుదుటపడితే మిశ్రమం పలుచగా ఉన్నదని తేలుతుందే గాని, అది జెట్ వల్లనా లీకు వల్లనా అన్నది తేలదు. దానిని తేల్చడానికి, పడవను నీటిలోనే ఒడ్డుకు గట్టిగా కట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఇంజన్ స్లోలో తిరుగుతుండగా కార్బురేటర్ అడుగు గ్యాస్కెట్ మీద, గొట్టాల అతుకుల మీద సబ్బునీటిని కొద్దికొద్దిగా చిమ్మాలి. నీరు తగిలిన చోట ఇంజన్ చప్పుడు ఒక్కసారిగా మారితే లీకు అక్కడే ఉన్నది. నీరు ప్లగ్గు తీగలకూ కార్బురేటర్ నోటికీ తగలకుండా చూడాలి. కొందరు మెకానిక్కులు ఇందుకు పెట్రోలో, మండే స్ప్రేలో వాడుతుంటారు. గాలి కంటే బరువైన పెట్రోలు ఆవిరి పడవ అడుగున నిలిచి చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది కాబట్టి, పడవలో ఆ పద్ధతిని ఎంతమాత్రం అనుమతించరాదు.

లీకు ఉండగానే మిశ్రమం స్క్రూ తిప్పి స్లో సరిచేయడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. అలా చేస్తే లోపం కొన్నాళ్లు మరుగునపడుతుందే తప్ప, లీకు పెరిగినకొద్దీ మళ్లీ బయటపడుతుంది. ముందు గ్యాస్కెట్, గొట్టాలు మార్చి, బోల్టులను మధ్య నుంచి చివరలకు, ఒక్కసారిగా కాక రెండు మూడు విడతలుగా బిగించి, ఆ తరువాతే స్క్రూ ముట్టుకోవాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాతకాలపు రబ్బరును త్వరగా పాడుచేస్తుంది, గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. అందువల్ల కొత్త గొట్టాలను ఆ పెట్రోలుకు తగినవిగా చూసి కొనడం, ఇంజన్ వాడని నెలలలో ట్యాంకు ఖాళీ చేయడం అవసరం. టూస్ట్రోక్ ఇంజన్‌లో క్రాంకు సీళ్లు అరిగినా గాలి చొరబడుతుంది. అక్కడ ఆయిలు పెట్రోలుతోనే కలిసి వచ్చే రకమైతే, మిశ్రమం పలుచబడినకొద్దీ వేడి పెరిగి, తడి తగ్గి, పిస్టన్ పట్టేసే ముప్పు ఉన్నది.

పంపుసెట్టు డీజిల్ ఇంజన్‌ను పడవకు బిగించుకున్నవారికి ఈ వాక్యూమ్ పరీక్ష పనికిరాదు, ఎందుకంటే అటువంటి ఇంజన్‌లో గాలిని అడ్డుకునే థ్రాటిల్ ఉండదు. అది స్లోలో కొట్టుకుంటే, ఇంధనపు గొట్టంలో గాలి పట్టిందేమో మొదట చూడాలి. ట్యాంకు ఇంజన్ కంటే ఎత్తున ఉంటే లీకైన చోట సాధారణంగా డీజిల్ కారుతుంది. ట్యాంకు కింద ఉండి పంపు పీల్చుకునే ఏర్పాటైతే, ఇంజన్ నడుస్తుండగా చుక్క కూడా బయటకు రాకుండానే గాలి లోపలికి పోతుంది గనుక, అతుకులన్నీ బిగించి, ఫిల్టరు మీది స్క్రూ వదులుచేసి బుడగలు లేని డీజిల్ వచ్చేవరకు ఎయిర్ తీయాలి.

ఒడ్డున కట్టి ఉంచిన పడవలో పావుగంటసేపు స్లోలో ఆగకుండా తిరగని ఇంజన్‌తో వరద రోజులలో కూలీలను ఎక్కించుకొని ఏరు దాటరాదు.